శ్రీ విహారనౌకా నిర్వాహక స్తోత్రం

గౌతమీతీర భూషణా! పర్యాటకజన పారిజాతమా! ఆలస్యకళా విశారదా! మహాధ్వని ధురంధరా! కొరంగి దాకా తీసుకువెళ్లి కొరంగిని కంటపడనివ్వని మాయావిద్యా సార్వభౌమా! గోదావరి ఏడు పాయల్లో ఏ పాయ నీళ్లు తాగి పెరిగారో గాని, తమరి ప్రతిభ ముందు సముద్రుడైనా చేతులు కట్టుకుని నిలబడవలసిందే. ‘ప్రశాంత నౌకావిహారం, చారిత్రక రేవుపట్టణ దర్శనం, అన్నీ ఒకే రోజులో’ అని రంగుల కాగితం మీద అచ్చొత్తించి పంచిన మాటను తమరు పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా నిలబెట్టుకున్న తీరును వర్ణించాలంటే వేయి నాలుకల ఆదిశేషుడే దిగిరావాలి. నేను ఒక్క నాలుకవాణ్ణి. అయినా తమరి లాంచీ ఎక్కి దిగిన ఋణం ఉంచుకోరాదు గనుక, తమరి అనంత కల్యాణగుణాల్లో నా చేతికి అందినవాటిని ఏరి ఈ మాల కట్టుకొచ్చాను. స్వీకరించండి.

మొట్టమొదట స్తుతించవలసింది తమరి కాలజ్ఞతను. యానాం రేవులో ఉదయం ఏడింటికి లాంచీ కదులుతుందని సెలవిచ్చారు. ఆ మాట పట్టుకుని చంటిపిల్లలతో, చేతికర్రల పెద్దవారితో పెందలాడే వచ్చి నిలుచున్న మమ్మల్ని పది దాటేదాకా గట్టు మీదనే ఉంచి, నీడ అనే బలహీనతకు గాని, కుర్చీ అనే సోమరితనానికి గాని లోనుకాకుండా కాపాడారు. వెనకటి రోజుల్లో తెరచాప ఓడలు గోదావరి మొగ దాటడానికి పోటు కోసం, గాలివాలు కోసం లంగరు వేసుకుని కాచుకునేవి. ఆ నిరీక్షణను పుస్తకాల్లో చదివి ఊహించుకునేవారు ఎందరైనా ఉంటారు. దాన్ని ప్రయాణికుల మోకాళ్లకే నేరుగా బోధించిన గురువు తమరొక్కరే. నాటి నావికులు సముద్రుడి దయ కోసం చూశారు, మేము మిగతా ప్రయాణికులను తెచ్చే తమరి రెండో బస్సు కోసం చూశాం. అంతే తేడా. పైగా అదే ఊళ్లో 1720ల్లో ఫ్రెంచివారు కాలు మోపారనీ, 1954 జూన్ దాకా వారి జెండా అక్కడ ఎగిరిందనీ, ఉత్తరాన, దక్షిణాన, పడమట ఇంగ్లీషువారి ఏలుబడి సాగుతుంటే నడిమధ్యన ఆ చిన్న ఊరు వేరే దొరతనం కింద రెండు శతాబ్దాలు బతికిందనీ ఒక్క ముక్క కూడా తమవారెవరి నోటినుంచీ జారలేదు. అంత తీరిక చిక్కాక కూడా చెప్పవలసినదాన్ని చెప్పకుండా ఉండగలగడం సామాన్యమైన నిగ్రహమా!

ఇక తమరి అభయప్రదాన మహిమ. లైఫ్ జాకెట్లను తమరు ఎంత భక్తిగా చూసుకుంటారో కళ్లారా చూశాను. ఉత్సవ విగ్రహాలను భద్రపరిచినట్టు వాటిని పైకప్పు కింద అందనంత ఎత్తున పేర్చి, నైలాన్ తాళ్లతో ముడి మీద ముడి బిగించి, మానవమాత్రుల చెమట సోకకుండా కాపాడుతున్నారు. తనిఖీకి వచ్చే అధికారులకు మాత్రమే వాటి దర్శనభాగ్యం. 2019 సెప్టెంబరు 15న ఇదే గోదావరి మీద, కచ్చులూరు దగ్గర, పాపికొండలకు పోతున్న లాంచీ మునిగి దాదాపు 50 మంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత నదిలో బోట్లన్నీ ఆగిపోయాయి. కొత్త నిబంధనలు వచ్చాయి. ఇవన్నీ తమరికి తెలియనివి కావు. తెలిసి కూడా, సరదాగా గడుపుదామని వచ్చినవాళ్ల చెవిన అమంగళపు మాట పడకూడదని, జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చెప్పే ఆ రెండు నిమిషాల అపశకునాన్ని పూర్తిగా పరిహరించారు. పరిమితి ఎంతమందికో రాసిన పలకకు అడ్డంగా తమరి నిలువెత్తు చిత్రపటం వేలాడదీయడంలోని ఔచిత్యం మరీ గొప్పది. ఎంతమందిమి ఎక్కామో తెలిసి ఏం చేస్తాం? ఎవరి అభయహస్తం కింద ఎక్కామో తెలిస్తే చాలదా!

ప్రశాంతత విషయంలో తమరి మాట అక్షరసత్యం. మనిషి ఎత్తున్న రెండు స్పీకర్లను డెక్కు మీద ద్వారపాలకులుగా నిలిపి, జయ విజయుల వంటి ఆ ఇద్దరి నోట పాట తరువాత పాట గర్జింపజేస్తూ, మా మనసుల్లో ఆలోచన అనే అలజడి ఏదీ పుట్టకుండా చూశారు. పక్కనున్నవారితో మాట్లాడుకోవలసిన బెడద తప్పింది. నీటి చప్పుడు వినవలసిన శ్రమ తప్పింది. కొరంగి అభయారణ్యం 1978 నుంచి రక్షిత ప్రాంతం. 235 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆ నేలలో చేపలు పట్టి బతికే బావురుపిల్లి ఉంది, గుంపులుగా ఈదే నీటికుక్కలున్నాయి, లకుముకి పిట్టలు, కొంగలు, నీటికాకులు, శీతాకాలంలో దూరదేశాలనుంచి వచ్చే వలసపక్షులు ఉన్నాయి. ఇవన్నీ అదుపు లేకుండా ఎదురుపడితే విహారికి ఎంత చిరాకు! కనుచూపు మేరలో రెక్క ఉన్నదేదీ, తోక ఉన్నదేదీ నిలవకుండా, మా లాంచీకి ముందే మైళ్ల దూరం కబురు పంపి తరిమేసిన తమరి ముందుచూపును అరణ్యశాఖవారు ఏనాటికైనా శాలువా కప్పి సత్కరించాలి. మడ అడవిలో తిల్ల అనే చెట్టుంది. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఇక్కడి జాలర్లు జాగ్రత్తపడతారు. తమరి ఏర్పాట్లలో ఆ చెట్టుకు పని లేకపోయింది. పాలచుక్క పడకుండానే, రెండు కళ్లూ తెరిచి ఉండగానే, ఎదుట ఉన్నదేదీ కనపడకుండా చేయగల సిద్ధి తమరిది.

దారిలో మా కళ్లకు తమరు అడ్డుపెట్టిన చేయి ఎంత మెత్తనిదో చెప్పాలి. నీలపల్లి, ఇంజరం అని ఈ పాయ పరిసరాల్లో రెండు ఊళ్లున్నాయి. ఈనాడు మామూలు పల్లెలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారు అక్కడ గిడ్డంగులు కట్టుకుని, చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన సన్నని నూలుగుడ్డను బేళ్లుగా కట్టి ఓడలకెక్కించేవారు. ఆ గుడ్డ నేసినవారి పేర్లు ఏ చిట్టాలోనూ మిగల్లేదు. కొన్నవారి లెక్కలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఇలాంటి సంగతి తెలిస్తే సున్నిత హృదయులెవరైనా నొచ్చుకుంటారని కాబోలు, ఆ వైపు దాటుతున్నప్పుడు తమరి మైకు కుర్రాడు ‘కుడిపక్కన చూడండి, హీరోగారు డాన్సు చేసిన గట్టు’ అని ప్రకటించాడు. అందరం ఎడమపక్క వదిలి కుడిపక్కకు ఒరిగాం. లాంచీ కూడా మాతోపాటే ఒరిగింది. చరిత్రనూ, గరిమనాభినీ ఒక్క ప్రకటనతో ఒకేసారి కదిలించిన వక్త ఇంకెక్కడున్నాడు!

ఆ కుర్రాడికి మైకు ఇవ్వడంలోనే తమరి రత్నపరీక్షా నైపుణ్యం బయటపడుతోంది. చుక్కాని పట్టిన సరంగు ఈ పాయల్లోనే పుట్టి పెరిగినవాడు. ఇసుక మేట నిరుడు ఎక్కడుందో, ఈ ఏడు ఎక్కడికి జరిగిందో, పాటు తగిలినప్పుడు ఏ మలుపులో అడుగు తేలుతుందో, ఏ గట్టు కింద పాత ఓడరేవు ఉండేదని వాళ్ల తాతలు చూపించేవారో అన్నీ ఎరిగినవాడు. అటువంటివాడి నోరు తెరిపిస్తే మేము వింటూ కూర్చుండిపోయి భోజనాల వేళ మర్చిపోయే ప్రమాదముంది. అందుకే ఆయనను ఇంజను పొగ మధ్య, మాటకు అందని చోట, మౌనమునిగా ప్రతిష్ఠించారు. తెలిసినవాడికి చుక్కాని, తెలియనివాడికి మైకు: ఈ శ్రమవిభజన ముందు అర్థశాస్త్రం తలవంచాలి.

ఇప్పుడు పరమ రహస్యానికి, ఈ స్తోత్రానికి హృదయమైన ఘట్టానికి వచ్చాను. లాంచీ కొరంగి చేరింది. మైకు పలికింది: ‘ఇదే కొరంగి. పది నిమిషాలు. సెల్ఫీలు తీసుకుని వచ్చేయండి.’

సూత్రకారులైన వైయాకరణులు అర్ధమాత్ర తగ్గించగలిగితే కొడుకు పుట్టినంత సంబరపడేవారట. ఈ సూత్రం వింటే వారు తమరి పాదాలు కడిగేవారు. ఎందుకంటే ఆ ‘ఇదే కొరంగి’లో తమరు ఇమిడ్చి దాచినది ఇంతా అంతా కాదు. డచ్చివారు, ఇంగ్లీషువారు పోటీపడి చేరిన రేవు అందులో ఉంది. ఓడలు కట్టే వడ్రంగుల ఊరు అందులో ఉంది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లీషు నౌకాదళపు ఓడలను లోపలికి తెచ్చి మరమ్మతు చేసిన డాక్ అందులో ఉంది. 1789 డిసెంబరులో ఒకదాని వెనక ఒకటిగా మూడు ఉప్పెన అలలు లేచి, రేవులోని ఓడలను ఊళ్లోకి విసిరి, 20,000 మందిని తీసుకుపోయిన రోజు అందులో ఉంది. దాన్ని తట్టుకుని ఆ ఊరు మళ్లీ లేచి నిలబడి, మళ్లీ ఓడలు కట్టింది. 1839 నవంబరు 25న మరో తుఫాను వచ్చింది. 40 అడుగుల ఉప్పెన అనీ, పోయినవారు 3 లక్షలనీ చెప్పుకుంటారు. ఆ లెక్క మీద చరిత్రకారులు వాదించుకుంటే వాదించుకోనీ, ఆ దెబ్బతో రేవు మళ్లీ పూర్వపు తీరున లేవలేదన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. మిగిలిన పని గోదావరి ఒండ్రు చేసింది. ఓడలొచ్చే దారి ఏటికేడు పూడింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852కు పూర్తయి, కాలువల మీద పడవలు తిరగడం మొదలయ్యాక, సరుకూ వర్తకులూ కాకినాడ దారి పట్టారు. ఇంత చేసి కూడా కొరంగిని పూర్తిగా చెరిపేయడానికి నదికి, సముద్రానికి కలిపి నూరేళ్లకు పైగా పట్టింది. తమరికి పది నిమిషాలు చాలాయి. ప్రకృతి శక్తులకు మించిన ఈ దక్షతను ఏ బిరుదుతో కొలవను!

మా లాంచీలో ఒక మామ్మగారున్నారు. వాళ్ల ముత్తాత ఈ రేవు వైపునుంచే రంగం వెళ్లాడని, తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారట. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ‘బాబూ, ఓడలు ఎక్కేచోటు ఏ పక్కన?’ అని తమరి కుర్రాణ్ణి అడిగారు. ఆవిడ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, దాని వెనక ఒక సముద్రం ఉంది. ఈ తీరంనుంచి, ఆ తరువాత కాకినాడనుంచి, విశాఖ, భీమిలి వైపునుంచి, వేలకు వేల తెలుగువాళ్లు బర్మా వెళ్లారు. రంగం అని మనవాళ్లు పిలిచిన రంగూన్ రేవులో బస్తాలు మోశారు, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చారు, రిక్షాలు లాగారు. ఎక్కడనుంచి వచ్చినా తెలుగువాళ్లందరినీ అక్కడివాళ్లు కొరంగీలు అన్నారు. 1930 మేలో ఆ రేవులోని తెలుగు కూలీల మీద విరుచుకుపడ్డ అల్లర్లలో ఎందరో చచ్చిపోయారు. అంతటి కథను ఆ వయసులో ఆవిడ గుండె మోయలేదని గ్రహించిన కుర్రాడు, ‘మామ్మగారూ, టైమైపోయింది, ఎక్కండి ఎక్కండి’ అని చేయి పట్టి నడిపించాడు. మిగతా జవాబు లాంచీ హారన్ ఇచ్చింది. ముత్తాత ఎక్కిన ఓడ ఆయన్ని తిరిగి తీసుకురాలేదు. తమరి లాంచీ ఆయన మునిమనవరాలిని ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేకుండా తిరిగి తీసుకొచ్చింది. పొద్దున్న మూడు గంటలు నిలబెట్టిన చేతులే ఇక్కడ మూడు నిమిషాలు ఇవ్వకపోవడంలోని సమదృష్టిని లోకం గుర్తించాలి.

ఊరివాళ్ల మీద తమరి వాత్సల్యం కూడా తక్కువది కాదు. మేము దిగిన చోట ఒక తల్లి కొబ్బరిబోండాలు పేర్చుకుని కూర్చుంది, పక్కన ఎవరో ఎండుచేపలు పెట్టుకున్నారు. వారి నిరాడంబర జీవితాల్లోకి మా డబ్బు చొరబడి పాడుచేస్తుందేమోనని, ‘అన్నీ బోటులోనే ఉన్నాయండీ’ అని మమ్మల్ని అటు అడుగు వేయనివ్వలేదు. కొరంగి పేరు మీద సంపాదించినదంతా తామే భరించి, ఆ భారంలో రవ్వంత కూడా కొరంగి నెత్తిన పెట్టని త్యాగశీలి తమరు.

బోటులో ఉన్నవేమిటో చెప్పకపోతే అన్నపూర్ణకు అపచారం. కింద నీళ్లలో పండుగప్ప తిరిగే నది, పక్కన చీరమీను కోసం జనం ఎగబడే యానాం, కాస్త అవతల కాజాలకు పేరుపడ్డ కాకినాడ. ఈ స్థానిక మమకారాలకు లొంగకుండా, ఏ నదికీ ఏ ఊరికీ ఏ ఋతువుకూ చెందని ఒక పచ్చటి అన్నాన్ని, వేడి చల్లదనాల ద్వంద్వాన్ని దాటిన స్థితిలో, సాయంత్రం నాలుగింటికి వడ్డించారు. ఆకలి ఎంత గొప్ప వంటవాడో అప్పుడు తెలిసింది. తిన్నాక పళ్లేలు ఎక్కడ పెట్టాలని ఒకరు అడిగితే, తమ సిబ్బంది చిరునవ్వుతో నదిని చూపించారు. గంగమ్మకు నైవేద్యం!

మడచెట్లకు ఊపిరి వేర్లుంటాయి. ఉప్పు బురదలో గాలి అందదు గనుక వేళ్లలా పైకి పొడుచుకొచ్చి అవి గాలి పీల్చుకుంటాయి. పాటు తీసినప్పుడు చూశాను: ఆ వేర్ల మధ్య థర్మోకోల్ పళ్లేలు, గ్లాసులు, సంచులు ఎక్కడికక్కడ కొలువుదీరి ఉన్నాయి. పుట్టినప్పటినుంచీ ఊపిరి పీల్చి పీల్చి అలిసిపోయిన చెట్లకు తమరు ప్రసాదించిన విశ్రాంతి అది. ఉప్పెన లేచినప్పుడు దాని ఉరవడిని మొదట ఒంటి మీద తీసుకునేది ఈ మడ అడవే. 1996 నవంబరులో కోనసీమను తుఫాను ఎలా ఊడ్చుకుపోయిందో ఈ తీరంలో మర్చిపోయినవారు లేరు. మళ్లీ అలాంటి రాత్రి వస్తే సముద్రానికీ ఊళ్లకూ మధ్య నిలబడవలసిన కాపలాదారుకు పళ్లెం పళ్లెంగా ఉద్వాసన చెబుతున్న తమరి ధైర్యం చూస్తే, 1789నూ 1839నూ దాచిపెట్టిన ఆ పది నిమిషాల అంతరార్థం కూడా తేటపడింది. తెలిసినవారు భయపడతారు. తెలియనివారు పాట పెట్టమంటారు.

వదాన్యతలోనూ తమరు రాజులను మించినవారు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులే ఊడలాక్కునే రోజుల్లో, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదేదీ ముట్టనని దూరదేశపు వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ రాజుకు శాసనం చెక్కించడానికి ఒక నిలువెత్తు రాతిస్తంభం కావలసివచ్చింది. తమరికి టిక్కెట్టు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఒక్క పంక్తి చాలింది: చెల్లించిన సొమ్ము ఏ కారణం చేతనూ తిరిగి ఇవ్వబడదు. మిగిలినదేదీ ముట్టననే మాట కోసం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. చోటు చాలనట్టుంది.

చివరికి చీకటి పడ్డాక, ఇసుక మేటలకు తమరి మీద ఉన్న గౌరవం వల్ల ఏ ఆపదా కలగకుండా, యానాం దీపాలు కనిపించాయి. దిగేముందు ప్రతి ఒక్కరి చేతిలో ఫోను తెరిపించి, అయిదు నక్షత్రాలు నొక్కేదాకా నిచ్చెన వేయించలేదు. ఆకాశంలో ఉన్నవాటిని పొగ కప్పేసింది గనుక కనీసం ఈ అయిదింటినైనా చూసుకోమన్న కరుణ!

ఓ రేవుపట్టణ రక్షకా! ఒక్క కొరంగితో తమరి కీర్తి ఆగిపోకూడదు. మచిలీపట్నం ఉంది, భీమునిపట్నం ఉంది, మోటుపల్లి ఉంది, నరసాపురం ఉంది. సముద్రం మీద తెలుగువాళ్లు ఏం చేశారో, సముద్రం తెలుగువాళ్లను ఏం చేసిందో చెప్పగల ఊళ్లు తీరం పొడవునా తమరి పది నిమిషాల కోసం ఎదురుచూస్తున్నాయి. అక్కడికీ తమరి జయ విజయులను వెంటబెట్టుకుని వేంచేయండి. తమరు అడుగుపెట్టిన చోట మనవాళ్లు తమ పూర్వీకుల గడప మీద నిలబడి కూడా వీపు దానివైపు పెట్టి, ముఖం ఫోనువైపు పెట్టి, నవ్వుతూ తిరిగొస్తారు. బిడ్డల చేత పెద్దలను మరపించడం శత్రురాజుల వల్ల కూడా కాని పని.

ఫలశ్రుతి. ఈ స్తోత్రాన్ని శ్రద్ధగా పఠించినవారికి కాలం మీద మోహం, చెవుల మీద మమకారం, తాతముత్తాతల మీద ఆసక్తి నశించి, నిర్వికార స్థితి కలుగుతుంది. ఒక్కటే విన్నపం: దీన్ని ప్రయాణికుల చేత టిక్కెట్టు కొన్నాకే చదివించండి. ముందే చదివితే తమరి లాంచీ ఎక్కే భాగ్యం ఆ జన్మకు దక్కకుండా పోతుందేమోనని, వాళ్లు సరంగు వంటి ఏ పాతకాలపు మనిషినో వెతుక్కుని, నాటుపడవ మాట్లాడుకుని, రోజంతా కొరంగిలోనే ఉండిపోతారేమోనని తమరి శ్రేయోభిలాషినైన నా భయం.